తాళాలాయన తెరవలేని ఫైలు

ఆస్పత్రిలో ఆయన్ని అందరూ తాళాలాయన అనేవారు. నడుముకు తాళంచెవుల గుత్తి వేలాడేదేమో అనుకునేరు. జేబులో ఒక పెన్నూ, కళ్ళద్దాలు తుడుచుకునే గుడ్డ ముక్కా తప్ప ఇంకేమీ ఉండేవి కావు. రికార్డుల గదిలో ఇరవై రెండేళ్ళుగా గుమాస్తా. మనసుకు సంబంధించిన జబ్బులు చూసే డాక్టరమ్మ రాసిన ఫైళ్ళన్నీ కంప్యూటర్లో భద్రం చేయడం, అవసరమైనప్పుడు పక్క నగరంలోని పెద్దాస్పత్రికి పంపడం ఆయన పని.

ఆ పేరు రావడానికి ముందు ఆయనకు తాళాల ధ్యాసే లేదు. ఫైళ్ళన్నిటికీ కలిపి ఒకటే పాస్‌వర్డ్ ఉండేది. ఆస్పత్రి పేరు, పక్కన ఆ సంవత్సరం. అది గోడ క్యాలెండర్ మీద కూడా రాసి ఉండేది. ఒకసారి పెద్దాస్పత్రికి పంపాల్సిన ఫైళ్ళను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఆ మాత్రం తాళం కూడా వేయకుండా బయల్దేరాడు. దారిలో జిరాక్సు షాపు దగ్గర ఆగాడు. పెన్‌డ్రైవ్ అక్కడే మరిచిపోయాడు. వెనక్కి వెళ్ళేసరికి అది లేదు.

పది రోజుల తర్వాత ఒక బస్సు డ్రైవరు కిటికీ దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి.

"నా కాగితాలు చూసుకునేది మీరేనా సార్?"

"అవునండీ."

"గొడవకి రాలేదు సార్. ఒక్కటి అడిగి పోదామని వచ్చా. నాకు ఊపిరాడక భయం వేసేదని మా ఆవిడకి కూడా చెప్పలేదు. డాక్టరమ్మ ఒక్కరికే చెప్పా. ఆర్నెల్లు మందులు వాడి నయం చేసుకున్నా. ఇవాళ మా డిపోలో అందరి ఫోన్లలోనూ నా ఫైలుంది. ఎలా వెళ్ళింది సార్?"

తాళాలాయన జిరాక్సు షాపులో జరిగింది చెప్పాడు. "తప్పు నాదే" అన్నాడు.

డ్రైవరు తల ఊపాడు. "నన్ను బండి దింపేశారు. బస్సులు కడుగుతున్నా ఇప్పుడు," అని చెప్పి, ఇంకేమీ అనకుండా వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది ఆయనకు. సూపరింటెండెంటు దగ్గరకు వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాడు. మెమో ఇచ్చారు, తీసుకున్నాడు. డిపోకి ఉత్తరం రాయించాడు, తనే రెండుసార్లు వెళ్ళి బతిమాలాడు. ఆ డ్రైవరుకు మళ్ళీ బండి ఇవ్వడానికి ఏడాది పట్టింది.

ఆ ఏడాదిలోనే, నలభై ఆరేళ్ళ వయసులో, ఆయన ఎన్‌క్రిప్షన్ నేర్చుకోవడానికి కూర్చున్నాడు. నేర్పేవాళ్ళు లేరు. అర్థమైనంత చదివి, అర్థం కానిది నోట్‌బుక్కులో రాసుకుని, కనబడ్డవాళ్ళనల్లా అడిగేవాడు. చివరికి ఆయనకు బోధపడింది ఇది. మామూలు తాళం పెట్టె బయట ఉంటుంది, పెట్టె పగలగొడితే లోపలి కాగితం చేతికొస్తుంది. ఇది అలా కాదు. ఇది కాగితం మీది అక్షరాలనే కలగాపులగం చేసేస్తుంది. దొంగ ఎత్తుకుపోయినా వాడి చేతికి దక్కేది గజిబిజే. సరైన పాస్‌వర్డ్ ఇస్తేనే అక్షరాలు మళ్ళీ ఒక కుదురుకు వస్తాయి.

అప్పటినుంచి పట్టుదల పట్టాడు. ఫైలు ఈమెయిల్లో వెళ్తే పాస్‌వర్డ్ ఫోన్లో వెళ్ళాల్సిందే. రెండూ ఒకే దారిన వెళ్ళడానికి వీల్లేదు. పొట్టి పాస్‌వర్డ్‌లు మాన్పించి పొడవాటి వాక్యాలు పెట్టించాడు. ఎవరూ ఊహించకూడదు కాబట్టి ఆ వాక్యాలకు తలా తోకా ఉండేవి కావు. పెద్దాస్పత్రిలో ఫోనెత్తే గుమాస్తా ఆవిడకు ఈయన గొంతు వినగానే నవ్వొచ్చేది.

"చెప్పండి సార్, ఇవాళ ఏంటి?"

"రాసుకోండమ్మా. ఏడు నీలం గొడుగులు మెట్ల మీద దగ్గుతున్నాయి."

"మందు వేశారా వాటికి?"

ఆయన నవ్వేవాడు కాదు. "దగ్గుతున్నాయి, చివర చుక్క పెట్టాలి," అనేవాడు. తాళాలాయన అన్న పేరు అలా వచ్చిందే.

ఆయనకు ఒక్కతే కూతురు. కాలేజీలో రెండో సంవత్సరం చదువుతుండగా తోటి పిల్లలతో విహారానికి వెళ్ళింది. అక్కడ నదిలో జారిపడి ఆమె ప్రాణ స్నేహితురాలు చనిపోయింది. కూతురు ఒడ్డు నుంచి కేకలు పెట్టి మనుషుల్ని పిలిచిందని, తర్వాత తానూ జారి చెట్టు వేరు పట్టుకుని బతికిందని అందరూ చెప్పారు. కొన్నాళ్ళు ఏడ్చింది. తర్వాత ఏడుపు ఆగింది. గండం గడిచిందనుకున్నారు ఇంట్లో. ఏడాది తిరిగేసరికి పిల్ల కాలేజీ మానేసింది. తిండి దగ్గర కూర్చుని మెతుకులు లెక్కపెట్టేది. పిలిస్తే ఉలుకూ పలుకూ లేదు. స్నానానికి వెళ్తే కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడుకే భయపడినట్టు వెంటనే కట్టేసేది.

"ఎవడో ఉన్నాడండీ," అంది ఆయన భార్య. "స్నేహితురాలు పోయి ఏడాదైంది. ఇప్పుడు కొత్తగా ఈ బెంగేంటి? ఎవడో మోసం చేసుంటాడు."

ఆయనకూ లోలోపల అదే అనుమానం. కానీ పిల్లను నిలదీసే ధైర్యం లేదు. ఒకరోజు సాయంత్రం పెరటి గట్టు మీద ఆమె పక్కన కూర్చున్నాడు.

"మా డాక్టరమ్మ మంచి మనిషి తల్లీ. ఒక్కసారి వచ్చి మాట్లాడకూడదూ?"

"అక్కడికి రాను నాన్నా."

"ఏం?"

"ఆ ఫైళ్ళు నీ దగ్గరే ఉంటాయిగా."

"నేను చూడనమ్మా. ఒట్టు."

కూతురు తలెత్తి ఆయన కళ్ళలోకి చూసింది. "చూడవని నాకూ తెలుసు. చూడగలవా లేదా? అది చెప్పు."

అబద్ధం ఆడదామని ఒక్క క్షణం అనిపించింది. పాస్‌వర్డ్‌లు పెట్టేది తనే, గుర్తుంచుకునేది తనే. "చూడగలను," అన్నాడు.

"మరి నేనెలా చెప్పను?" అని లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ ఊళ్ళో అలాంటి డాక్టరు ఇంకొకరు లేరు. పెద్దాస్పత్రి నాలుగు గంటల ప్రయాణం, పిల్ల వీధి గుమ్మం దాటడమే కష్టంగా ఉంది. ఆయన రెండు రోజులు ఆలోచించాడు. తను మంచివాడైతే చాలదు, తెరవడం చేతకానివాడు కావాలి. అదీ ఆయనకు తేలింది. ఇన్నేళ్ళూ తాళం గట్టిదా కాదా అని చూసుకున్నాడే గాని, తాళంచెవి తన దగ్గర ఎందుకుండాలని ఒక్కసారీ అడగలేదు. కిటికీ బయట నిలబడ్డవాళ్ళలో ఎంతమంది తనను చూసి నోరు కట్టేసుకున్నారో!

పాత నోట్‌బుక్కు తీశాడు. అందులో అర్థం కాక వదిలేసిన పద్ధతి ఒకటుంది. దానికి రెండు చెవులు. ఒకటి మూయడానికి, ఇంకొకటి తెరవడానికి. మూసే చెవి ఎవరి దగ్గరున్నా ఫరవాలేదు, పోస్టు డబ్బాలో ఎవరైనా ఉత్తరం వేయగలిగినట్టే. తెరిచే చెవి ఉన్నవాళ్ళే బయటకు తీయగలరు. మూసినవాడు కూడా తీయలేడు.

మూడు వారాలు దాంతో కుస్తీ పట్టి, డాక్టరమ్మకు చెప్పాడు.

"తెరిచే చెవి మీ ఒక్కరి దగ్గరే ఉండాలి మేడమ్. మీరు రాసింది మీ గదిలోనే తాళం పడిపోయి నా దగ్గరకు రావాలి. నేను దాచిపెడతాను, నకళ్ళు తీస్తాను, పెద్దాస్పత్రికైతే అక్కడి డాక్టరు మూసే చెవితో మీరు తాళం వేసి ఇచ్చింది పంపుతాను. అంతే."

"నేను ఆ చెవి పోగొట్టుకుంటే?"

"ఇంకొక ప్రతి కవరులో సీలు వేసి సూపరింటెండెంటు గారి బీరువాలో పెడదాం. రెండూ పోతే మాత్రం ఆ ఫైళ్ళు ఇక బ్రహ్మదేవుడు కూడా తెరవలేడు."

"ఎవరి కోసం ఇదంతా?" అని అడిగిందావిడ.

"మా అమ్మాయి కోసం," అన్నాడాయన, దాచకుండా.

పాత ఫైళ్ళన్నిటినీ కొత్త తాళంలోకి మార్చి, పాతవి చెరిపేసేసరికి నెల పట్టింది. ఒక ఆదివారం, ఆస్పత్రి ఖాళీగా ఉన్నప్పుడు, కూతుర్ని రికార్డుల గదికి తీసుకెళ్ళాడు. కంప్యూటరు ముందు కూర్చోబెట్టి తను గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"ఏదైనా ఒక ముక్క రాయి. రాసి ఈ గుర్తు నొక్కు. తాళం పడుతుంది."

ఆమె రాసింది, నొక్కింది. "ఇప్పుడు తెరువు," అంది.

ఆయన తనకు తెలిసిన దారులన్నీ పట్టాడు. తెర మీద వరసలు వరసలుగా గజిబిజి తప్ప ఇంకేం లేదు. పావుగంట చూసింది కూతురు.

"నిజంగా రాదా?"

"రాదమ్మా."

"నువ్వే కదా ఇదంతా పెట్టింది?"

"పెట్టింది నేనే. తెరిచే చెవి నా దగ్గర లేదు."

చాలా రోజుల తర్వాత ఆమె పెదవి ఒక పక్కకు కదిలింది. "నీ చొక్కా గుండీ ఊడిపోయిందని రాశాను," అంది.

ఆ గురువారం నుంచి డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళడం మొదలుపెట్టింది. వారానికొక ఫైలు ఆయన కంప్యూటర్లోకి వచ్చేది. పేరుండదు, అంకె మాత్రమే. గురువారం నాలుగున్నరకు వచ్చే ఆ అంకె ఎవరిదో ఆయనకు తెలుసు. మిగతావాటితో పాటే దాచి, నకలు తీసి, ఇంటికి వెళ్ళేవాడు.

ఇంట్లో భార్య ఊరుకునేది కాదు. "కన్నవాళ్ళం మనం. పిల్ల ఏం చెబుతోందో వీధిన పోయే డాక్టరుకి తెలియొచ్చు గానీ మనకి తెలియకూడదా? చేతిలో ఉన్నది చేజేతులా పారేసుకొచ్చారు."

"అవును," అనేవాడు.

నాలుగో నెలలో డాక్టరమ్మ కంప్యూటరు పాడైంది. కొత్తది వచ్చింది. అందులో తెరిచే చెవి మళ్ళీ ఎక్కించాలి. డాక్టరమ్మ వార్డులో రోగుల్ని చూస్తోంది. సూపరింటెండెంటు బీరువా తీసి, సీలు కవరు ఆయన చేతిలో పెట్టేశాడు. "మీరే ఎక్కించేయండి, మీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు?"

కవరు పట్టుకుని డాక్టరమ్మ గదిలో కూర్చున్నాడు. లోపల ఒక పెన్‌డ్రైవ్, పాస్‌వర్డ్ రాసిన చీటీ. గదిలో ఎవరూ లేరు. ఎక్కించాక సరిగా పనిచేస్తోందో లేదో ఒక ఫైలు తెరిచి చూడాల్సిందే. ఏ ఫైలన్నది ఎవరూ అడగరు. ఆ ముందు రోజే కూతురు డాక్టరమ్మ గదిలోంచి కళ్ళు వాచిపోయి వచ్చింది. చూడనని వేసుకున్న ఒట్టు ఆ క్షణంలో తనను ఆపేలా లేదని ఆయనకు స్పష్టంగా తెలిసింది.

లేచి వరండాలోకి వెళ్ళాడు. పెద్ద నర్సు జ్వరాల చార్టులు మోసుకుంటూ ఎదురొచ్చింది.

"సిస్టర్, ఓ అరగంట వచ్చి నా పక్కన కూర్చుంటారా?"

"ఏమైంది? ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది. ఊరికే కూర్చోండి. నా చేతులు చూస్తూ ఉండండి."

ఆవిడ వింతగా చూసింది గానీ వచ్చి కూర్చుంది. ఆయన చెవి ఎక్కించి, డాక్టరమ్మ పరీక్ష కోసం పెట్టిన ఖాళీ ఫైలొకటి తెరిచి, మూసి, కవరుకు మళ్ళీ లక్క సీలు వేయించాడు. తర్వాత మంచినీళ్ళు అడిగి రెండు గ్లాసులు తాగాడు. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

కూతురు చెప్పింది ఇంకో రెండు నెలలకు. కూరగాయలు తీసుకుని వస్తుంటే దారిలో ఒక మూసేసిన దుకాణం అరుగు మీద కూర్చుందామంది.

"నాన్నా, ఆ రోజు నేను ఒడ్డున లేను. ఇద్దరం ఒకేసారి పడ్డాం. ఒక చేత్తో వేరు పట్టుకున్నా. ఇంకో చేతిలో దాని చెయ్యి ఉంది."

కూతురు తన అరచేతి వైపు చూసుకుంది.

"కొంతసేపు పట్టుకున్నా. తర్వాత లేదు. జారిందో, నేనే వదిలేశానో నాకే తెలీదు. అందరూ బతికావు, అదృష్టవంతురాలివి అంటుంటే ఏం చెప్పను? వాళ్ళమ్మ నన్ను పట్టుకుని, నువ్వైనా మిగిలావని ఏడ్చింది నాన్నా."

వదల్లేదులే అనడానికి తను అక్కడ లేడు. సంచి పక్కన పెట్టి కూతురి చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. ఇన్నాళ్ళూ తనూ భార్యా ఎవడి గురించో ఆలోచించినందుకు సిగ్గేసింది.

"వాళ్ళమ్మకి చెప్పాలి," అంది కూతురు. "డాక్టరమ్మ తొందరేం లేదంది. నాకే చెప్పాలనుంది. నువ్వు వీధి దాకా వస్తావా?"

మరుసటి ఆదివారం ఇద్దరూ ఆ స్నేహితురాలి ఇంటికి వెళ్ళారు. ఇనుప గేటు, దాని వెనక రెండు మెట్లు, ఆకుపచ్చ తలుపు. కూతురు లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది. ఆయన ఎదురుగా ఉన్న గోడ నీడన నిలబడ్డాడు. లోపల ఏం మాట్లాడుకుంటున్నారో వినపడలేదు. ఒకసారి ఏదో గట్టిగా కిందపడ్డ చప్పుడైంది, తర్వాత ఏడుపు, అది ఎవరిదో పోల్చుకోలేకపోయాడు. పరిగెత్తబోయి ఆగాడు. నీడ గోడ మొదట్లోకి జరిగి, ఎండ ఆయన చెప్పుల మీదకు వచ్చింది. అయినా అక్కడే ఉన్నాడు.

గంట దాటాక తలుపు తెరుచుకుంది. చనిపోయిన పిల్ల తల్లి గుమ్మంలోకి వచ్చి, కొంగుతో ముఖం తుడుచుకుని, వీధిలోకి చూసింది.

"ఎండలో ఎందుకు నిలబడ్డారు అన్నయ్యగారూ," అంది. "లోపలికి రండి. మీ అమ్మాయి ఇక్కడే పడుకుంది. లేపకండి."