ఏజెంటు బంగ్లా చల్లడబ్బా నీళ్లు కార్చిన సంగతి

1964 ఎండాకాలం చివర నన్ను బొగ్గుబాయి లోపలి పంపు మీద నుంచి తీసి, పైన వర్క్‌షాపులో హెల్పర్‌గా వేశారు. ఊరు బెల్లంపల్లి. అంతకుముందు ఎనిమిదేళ్లు పంపు ఖలాసీని, అంటే బాయి అడుగున ఊరే నీళ్లను పంపుతో పైకి తోలే మనిషిని. హెల్పర్ పని ఆరు నెలలు పరీక్ష మీద ఉంటుంది. సరిగా చేస్తే ఖాయం, లేకపోతే మళ్లీ కిందికే. అప్పటికి నాకు అక్షరం రాదు. వేలిముద్ర మనిషిని. ఇప్పుడు రాస్తున్నది నలభై దాటాక నేర్చిన అక్షరాలతో.

నాకు అప్పగించిన పనుల్లో ఒకటి ఏజెంటు బంగ్లాలోని చల్లగాలి మిషను. ఏజెంటు అంటే చుట్టుపక్కల బాయిల మేనేజర్లందరి మీద అధికారి. ఇప్పుడు ఏసీ అంటున్న దాన్ని మా కార్మికులు చల్లడబ్బా అనేవారు. కిటికీలో సగం లోపలికి, సగం బయటికి ఉండే ఇనుప పెట్టె. దానికి చట్రం చేసి బిగించింది కంపెనీ వడ్రంగి లింగయ్య. రిటైరు కావడానికి ఇంకా రెండేళ్లున్న మనిషి. పెట్టె బయటివైపుకు వేలి మందం వాలేలా పెట్టమని ఇంజనీరు చెప్పాడట, అలాగే పెట్టాడు. ఎందుకో మాకెవరికీ తెలియదు.

నా పని పదిహేను రోజులకొకసారి ముందున్న జాలీ తీసి దుమ్ము కడగడం. బయట నేల కాలు పెట్టనిచ్చేది కాదు. ఆ గదిలో మాత్రం ఒంటి మీద రోమాలు లేచేవి. చెప్పులు గుమ్మం బయటే విడిచేవాణ్ని. అధికారి ఇల్లని మాత్రమే కాదు, ఆ పెట్టె ముందు చెప్పులతో నిలబడబుద్ధి కాలేదు.

మిరుగు వానలు, అంటే మృగశిర కార్తె తొలి వానలు పడ్డ వారానికి జాలీ కడగడానికి పోతే, బంగ్లా వంటమనిషి సత్తార్ నన్ను వెనక్కి పిలిచాడు.

"పోశం, జర చూడు బై. మీ డబ్బ ఉచ్చ పోస్తుంది. పొద్దుందాక టపటప. మెట్టుకు పాకురు పట్టి నిన్న జారి పడ్డ. నా నడుము ఇరిగితే సాబుకు నువ్వు వండుతవా?"

పెట్టె కింద రేకు పళ్లెంలో, వెనక అంచున, చిటికెన వేలు దూరేంత బొక్క ఉంది. అందులోంచి చుక్కలు పడుతున్నాయి. నేను నీళ్ల మనిషిని. నీళ్లెక్కడివో చూడనిదే ఊరుకోను. పైపు కోసం వెతికాను, లేదు. పైకప్పు చూశాను, రెండు రోజులుగా వాన లేక పొడిగా ఉంది. గోడ తడిమాను, అదీ పొడే. ఏ దారీ లేకుండా నీళ్లు వస్తున్నాయి. చివరికి నాకు తోచింది ఇది: జీపు రేడియేటర్‌లో లాగా ఈ మిషను కడుపులో దాని నీళ్లు దానికి ఉంటాయి, అవి కారిపోతున్నాయి, అయిపోతే మిషను కాలిపోతుంది. బాయిలో పైపు అతుకులు కారితే ఏం చేస్తామో అదే చేశాను. జనపనారకు సఫేదా, అంటే అతుకులకు పూసే తెల్లసీసం ముద్ద పట్టించి బొక్కలో గట్టిగా కుక్కాను. చుక్క ఆగింది. సత్తార్ సంతోషపడి చాయ్ ఇచ్చాడు. వర్క్‌షాపులో ఎవరికీ చెప్పలేదు. చెప్పేంత పని అనిపించలేదు.

నాలుగో రోజు డబ్బా గది లోపలికి కార్చింది. గోడ వెంట దిగి, కింద బల్ల మీద పరిచిన బాయి నక్షా మీద పడింది. బాయి లోపలి దారులన్నీ సిరాతో గీసిన బట్ట కాగితం అది. సిరా అంతా చెదిరింది. అసలు నక్షా సర్వే ఆఫీసులో ఉండబట్టి సరిపోయింది గానీ ఏజెంటు మండిపడ్డాడు. ఇంజనీరు హైదరాబాదు పోయి ఉన్నాడు. వర్క్‌షాపు ఫోర్‌మన్ వచ్చి నీళ్లు లోపలికి వస్తున్నాయని చూసి, చట్రం లోపలికి కుంగిందని తేల్చేశాడు. లింగయ్యకు చార్జిషీటు ఇచ్చారు. మూడు రోజుల్లో జవాబివ్వాలి. జవాబు నచ్చకపోతే కొలువు పోతుంది, కొలువుతో పాటు కంపెనీ క్వార్టరూ ఖాళీ చేయాలి.

నా సఫేదా ముద్దకూ దీనికీ సంబంధం ఉందని నాకు తట్టనే లేదు. వెనక కారింది ఒక రోగం, ముందు కారేది ఇంకో రోగం అనుకున్నాను.

లింగయ్య వర్క్‌షాపు నడుమ నిలబడి అరిచాడు. "ముప్పై ఏండ్ల సంది బాయిల పైకప్పు కింద దుంగలు నిలబెడుతున్న. నాకు ఒక్క డబ్బ నిలబెట్టరాదా?"

"నిలబెట్టినవ్ లింగయ్యా, అందుకే సాబు నక్షా చెరువైంది" అన్నాడు ఫోర్‌మన్.

మూడో రోజు ఇంజనీరు దిగాడు. కృష్ణా వైపు మనిషి, మాట తక్కువ. ఫోర్‌మన్‌నూ లింగయ్యనూ నన్నూ వెంటబెట్టుకుని బంగ్లాకు పోయాడు. నక్షా తడిసిన నాడే ఆపేసిన మిషనును కాసేపు నడిపించి ఆపించాడు. జాలీ తీయించి చూశాడు, శుభ్రంగా ఉంది. లోపలి రాగి గొట్టాల వరుస మీద మంచు కట్టిందేమో చూశాడు. దుమ్ము మూసినా, గ్యాసు తగ్గినా మంచు కట్టి, అది కరిగి కారుతుందట. మంచు లేదు. తర్వాత పళ్లెం మీద వాలు చూసే రసమట్టం పెట్టాడు. బుడగ చెప్పింది: పెట్టె బయటివైపుకే వాలి ఉంది.

"చూడుండ్రి సార్, నా చట్రం ఇంచు కదల్లే" అన్నాడు లింగయ్య.

"చార్జిషీటు అందినంక చెక్క కొట్టి లేపినవ్. ఈ గదికి తాళమేమన్న ఉన్నదా?" అన్నాడు ఫోర్‌మన్.

వాలు ఉందని బుడగ చెబుతుంది గానీ ఏ రోజు నుంచి ఉందో చెప్పదు. ఇంజనీరు మిషను మళ్లీ పెట్టించి నా వైపు తిరిగాడు. "పోశం, వెనక్కి వెళ్లి చూడు, నీళ్లు బయటికి పడుతున్నాయో లేదో."

పోయాను. ఒక్కణ్నే. చుక్క లేదు. నా ముద్ద నా కళ్లెదుటే ఉంది. బయటికి పోవాల్సిన నీళ్లకు దారి లేకపోతే ఎటు పోతాయో అప్పుడు అర్థమైంది. స్క్రూడ్రైవరుతో ఒక్క పోటు పొడిస్తే ముద్ద ఊడిపోతుంది, లోపల మళ్లీ కారదు. చెక్క కొట్టబట్టే సరైందని ఫోర్‌మన్ అంటాడు. లింగయ్య తప్పు ఖాయం, నా హెల్పర్ పని ఖాయం. ఆ ఆలోచన రాలేదని చెబితే అబద్ధం. స్క్రూడ్రైవరు చేతిలోకి వచ్చింది కూడా. లోపల లింగయ్య దగ్గుతున్నాడు.

"సార్, ఇటు రాండ్రి" అని కేకేశాను. "గీ బొక్క నేనే మూసిన."

ఇంజనీరు వంగి చూశాడు. ఎందుకు మూశావని అడిగాడు.

"మిషను నీళ్లు కారిపోతున్నయనుకున్న సార్. ఒడిసిపోతే కాలిపోతదనుకున్న."

ఫోర్‌మన్ తిట్లు ఇక్కడ రాయను. ఇంజనీరు తిట్టలేదు. నా చేతనే ముద్ద లాగించాడు. నీళ్లు ధారగా పడి, తర్వాత చుక్కలయ్యాయి. లోపల మళ్లీ కారలేదు.

"ఈ పెట్టెలో నీళ్లు పోసే చోటే లేదు. ఇవి గాలిలోవి" అన్నాడు ఇంజనీరు.

"గాలిల నీళ్లా సార్?"

నన్ను లోపలికి తీసుకుపోయి రాగి గొట్టాలు చూపించాడు. నేను చూస్తుండగానే ఒక చుక్క పుట్టింది. ఎక్కడి నుంచీ రాలేదు, అక్కడే పుట్టింది. గాలిలోని తడి చల్లని లోహానికి తగిలి నీరవుతుందని, ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది కాబట్టి అప్పుడు కారలేదని చెప్పాడు. ఆ చుక్కను వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. బాయిలో ప్రతి పొర నీళ్లకూ ఒక రుచి ఉంటుంది, ఒకటి తుప్పు, ఒకటి పులుపు. చీకట్లో కూడా రుచిని బట్టి ఎక్కడి నీళ్లో చెప్పేవాణ్ని. దీనికి ఏ రుచీ లేదు. ఏ మట్టినీ తాకని నీళ్లు. ఎనిమిదేళ్లు నీళ్లలో బతికి, నా ముక్కు ముందే తిరుగుతున్న నీళ్లను ఎరుగను.

ఆ సాయంత్రం గుమాస్తా నా వాంగ్మూలం రాసి చదివి వినిపించాడు. 'పొరపాటున మూసితిని' అని ఉంది.

"పొరపాటున కాదయ్యా. సోయిల ఉండే మూసిన, మంచిదనుకొని మూసిన. అట్లనే రాయి" అన్నాను. కొట్టేసి మళ్లీ రాశాడు. వేలిముద్ర వేశాను.

లింగయ్య చార్జిషీటు రద్దయింది. నా పరీక్షా రద్దయింది, మళ్లీ పంపు మీదికి దిగాను. లింగయ్య నన్ను మెచ్చుకోలేదు. "నీ ఇల్లు సల్లగుండ, చాయ్‌కి ఆశపడి నన్ను బజార్ల నిలబెడుదువు గదరా" అన్నాడు. రిటైరయ్యేదాకా నన్ను బొక్కలు మూసెటాయన అనే పిలిచాడు.

ఆ ఏడాదంతా బాయి లోపల నేను చూసింది ఒక్కటే, గాలిబాట. పైనుంచి మంచి గాలి బాయిలోకి దిగే దారి అది. వానకాలంలో దాని గోడలు చెమర్చేవి, అది పై నుంచి ఇంకిన వాన అనుకునేవాళ్లం. చెయ్యి పెట్టి చూశాను. రాయి చల్లగా ఉంది, గాలి తడిగా ఉంది. రుచి చూశాను. ఏ రుచీ లేదు. చలికాలం వచ్చేసరికి అదే గోడ బూడిదలా ఎండిపోయింది. నేను తోడిన నీళ్లలో కొన్ని పై ఆకాశంలోవి, వాన కాకుండానే కిందికి నడిచి వచ్చాయి. బాయిలో మా మీద ఉండే సర్దార్‌కు చెబితే "నీకు ఆ డబ్బ పట్టింది, మంత్రం ఏపించుకో" అన్నాడు.

మరుసటి ఏడు ఇంజనీరు నన్ను పైకి పిలిపించుకుని ఈ చల్లడబ్బాల పని నేర్పాడు. దీంట్లోనే రిటైరయ్యాను. ఏసీ ఇంట్లో కారితే చూసే వరుస ఆనాడు ఆయన చూసిందే: జాలీ, మంచు, వాలు, బొక్క. నేను వాటికి ముందు ఒకటి చేర్చాను. ఇప్పటికీ ఎవరైనా పిలిస్తే పెట్టె మీద చెయ్యి పెట్టకముందే అడుగుతాను: ఈ మధ్య దీన్ని బాగుచేసింది ఎవరు?