నీళ్లు ఆగిన చోట గులకరాయి

మా పార్కు ఊడ్చిన అవ్వ పోయింది. మొన్న పొద్దున స్టేషన్ ఘన్‌పూర్‌లో బస్సు కోసం నిలబడి ఉంటే ఆమె కోడలు ఫోన్ చేసింది. "అవ్వ తెల్లారంగ పోయింది సారు. మీకు చెప్పమని ఎవ్వలు అనలే, నాకే చెప్పబుద్ధయింది" అంది. బస్సు వచ్చింది, వెళ్లిపోయింది. నేను ఎక్కలేదు.

మునిసిపల్ ఇంజనీరుగా నేను గీసిన మొదటి పార్కు అది. నా గీతల మీద నాకు మహా మోజు. మధ్యలో ఫౌంటెన్, చుట్టూ నున్నటి రాళ్లు, కింద బెత్తెడు సందు మాత్రమే ఉన్న వెడల్పాటి సిమెంటు బెంచీలు. ప్రారంభం రోజు అందరూ మెచ్చుకున్నారు. మర్నాడు అవ్వ ఊడ్వడానికి వచ్చి నన్ను పిలిచింది. బెంచీ కిందికి చీపురు పోవడం లేదు. వంగి చేయి పెట్టి లాగితే పల్లీ పొట్టు, ఐస్‌క్రీం పుల్లలు వచ్చాయి.

"గీసేటప్పుడు ఊడ్చేటోళ్లు యాదికి రాలేదా సారు?" అంది. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నాకు రోషం వచ్చింది. ఊడ్చే మనిషి నాకు చెప్పేదేమిటి అనుకున్నాను. ఆ మాట ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

వానాకాలం వచ్చేసరికి ఫౌంటెన్ నిండా దోమలు. దాని మోటారు బాగుచేసేవాడు మా పట్నంలో ఒక్కడూ లేడు. నున్నటి రాళ్లు పాచి పట్టి ఒక ముసలాయన జారిపడ్డాడు. అప్పుడు నా రోషం దిగింది. వెళ్లి ఏం చేయాలో అవ్వనే అడిగాను.

ఆమె బకెట్ నీళ్లు నేల మీద కుమ్మరించి, పక్కన కూర్చుని ఆకు వక్క నమిలింది. నీళ్లు పారినంత పారి కొన్నిచోట్ల ఆగిపోయాయి. ఆగిన ప్రతిచోటా ఒక గులకరాయి పెట్టింది. "గిక్కడ పాచి పడ్తది. గిక్కడ మనిషి పడ్తడు" అంది. చదువుకునే రోజుల్లో వాలు గురించి ఎన్నో లెక్కలు చేశాను. కూర్చుని నీళ్లను చూడడం మాత్రం ఆమె దగ్గరే నేర్చుకున్నాను.

ఆ తర్వాత ఏది గీసినా ముందు ఆమెకే చూపించేవాణ్ని. చదువు రాదు కాబట్టి కాగితం మీద వేలు పెట్టి చెప్పాలి. నల్లా ఎక్కడ, చెత్తబండి గేటులోంచి దూరుతుందా, ఈ చెట్టు ఎన్నిసార్లు ఆకు రాలుస్తుంది, ఇది విరిగితే మన ఊళ్లో ఎవరు బాగుచేస్తారు అని అడిగేది. జవాబు దొరకకపోతే ఆ గీత చెరిపేసేవాణ్ని. పని మీద ఉంటే నన్ను సారు అనేది, మధ్యాహ్నం సద్ది విప్పితే కొడుకా అనేది. జొన్నరొట్టె తుంచి, తొక్కు పెట్టి నా చేతికిచ్చేది. ఆ పిలుపు కోసమే కావాలని అన్నం వేళకు వెళ్లిన రోజులున్నాయి.

మోకాళ్లు పట్టేయడంతో పని మానేసి, కొత్తగూడ దగ్గర తన తండాకు వెళ్లిపోయింది. ఆమె పనిలో ఉండగానే గీసి చూపించిన రెండో పార్కు కట్టడం ఆ తర్వాతే మొదలైంది. అందులో ప్రతి గీత ఆమె అడిగిన ప్రశ్నలోంచి వచ్చిందే. పూర్తికాగానే తీసుకొచ్చి చూపిస్తానని మాటిచ్చాను. గచ్చు అయిపోయింది. బెంచీలకు రంగు పడలేదని ఆగాను.

"రంగుదేముంది కొడుకా, జర నీళ్లు పోసి సూద్దాం, తీస్కపో" అని ఫోన్లో అంది. వచ్చే వారం అన్నాను. వారం తిరగకుండానే పోయింది. రంగు కోసం ఆగినందుకు నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

అంత్యక్రియలకు వెళ్లివచ్చిన మర్నాడు ఒక్కణ్నే కొత్త పార్కుకు వెళ్లాను. గేటు దగ్గర గులకరాళ్లు ఏరి గుప్పిట పట్టుకున్నాను. ఆమె పెట్టమన్న చోటే పెట్టిన నల్లా కింద బకెట్ నింపి, గచ్చు మీద కుమ్మరించి, ఆమెలాగే పక్కన కూర్చున్నాను. ఎక్కడో ఒకచోట ఆగితే బాగుండు, అవ్వ అనాల్సిన మాట ఒక్కటైనా మిగిలి ఉంటే బాగుండు అనిపించింది. నీళ్లు బెంచీల కిందుగా పారి మోరీలోకి దిగిపోయాయి. కాసేపటికి నేల ఆరిపోయింది. గుప్పిట్లో రాళ్లు అలాగే ఉన్నాయి.