గానుగకు చోటు

నాకు అక్షరాలు దిద్దించింది మా అన్న. చిన్నప్పుడు జబ్బు మనిషినని నన్ను బడికి పంపలేదు. అన్న సాయంత్రం ఇంటికొచ్చి, ఆ రోజు తాను నేర్చుకున్నదంతా నా ముందు పెట్టేవాడు. లెక్కలు కూడా అతని దగ్గరే నేర్చుకున్నాను. అంత మంచి అన్ననిచ్చినందుకు స్వామికి ఎన్ని దండాలు పెట్టుకున్నానో.

మేము కట్టె గానుగ పెట్టాలనుకున్నప్పుడు ఆ లెక్కలే అక్కరకొచ్చాయి. వేరుశనగ పండేది కోడుమూరు వైపు. నూనె కొనేవాళ్లు కర్నూలులో. కర్నూలును ఆనుకునే ఉన్న కల్లూరులో అన్న షెడ్డు ఖాళీగా ఉంది. కోడుమూరులో ఒక పాత గోడౌను బాడుగకు దొరుకుతుంది. నేనూ మా ఆయనా కూర్చుని రెండు చోట్లకూ మార్కులు వేశాం. కాయలు దగ్గర్లో దొరకడానికి ఎక్కువ మార్కులు పెట్టాం. మూటలకొద్దీ తెచ్చినా పొట్టు పోగా, చెక్క పోగా మిగిలే నూనె కాస్తే కదా, ఆ కాస్తను కర్నూలుకు చేర్చడం సులువు. పశువులకు పెట్టే ఆ చెక్క కూడా మళ్లీ పల్లెలకే పోవాలి. కరెంటులో, దారిలో కల్లూరు మేలే అయినా, మొత్తం మీద కోడుమూరే గెలిచింది.

అన్న విని నవ్వాడు.

"మార్కులేసేకి ఇదేమన్నా పరీక్షనా అమ్మీ? నా షెడ్డుకే రమ్మని నేననను, మళ్లా స్వార్థమంటారు. ఒంటిమిట్టకు పోయి స్వామినే అడుగుదాం పా."

ఆ మాటకు పొంగిపోయాను. ఏదీ తేలనప్పుడు పొట్లాలు పెట్టి అడగడం మా ఇళ్లల్లో వాడుక. తులసి వస్తే కోడుమూరు, చామంతి వస్తే కల్లూరు అనుకున్నాం. ఒంటిమిట్ట గుడి దగ్గర మేము కాళ్లు కడుక్కుని వచ్చేలోగా అన్నే రెండు పొట్లాలూ కట్టి తెచ్చాడు. వాటిని స్వామి పాదాల దగ్గర పెట్టించి, మండపంలో మాకేమీ కాని ఒక ముసలమ్మను ఒకటి తీయమన్నాం. చామంతి వచ్చింది. రెండోది విప్పకూడదు, విప్పితే స్వామి మాటను అనుమానించినట్టు. దాన్ని కళ్లకద్దుకుని, కొంగున కట్టుకుని ఇంటికి తెచ్చి దేవుడి గూట్లో పెట్టాను.

కల్లూరులో గానుగ తిరిగింది. కాయల బండి బాడుగకే సంపాదన సరిపోయేది. "మీ దాకా యాడొస్తాం లేమ్మా, శానా దూరం" అని రైతులు ఊళ్లోనే అమ్మేసుకునేవాళ్లు. మా ఆయన ఇంట్లో మాట్లాడడం తగ్గించాడు. నేను మాత్రం, స్వామి చూపిన చోటు, ఓర్పు నేర్పుతున్నాడు అనుకుని దీపం పెట్టినప్పుడల్లా కృతజ్ఞతే చెప్పుకున్నాను.

శ్రీరామనవమికి ముందు గూడు కడుగుతుంటే ఆ పొట్లం తడిసి చేతిలోనే చిరిగింది. ఎండిన చామంతి రేకులు రాలాయి. తులసి ఒక్క ఆకు లేదు.

అన్న గానుగ దగ్గరికి వచ్చినప్పుడు చూపించాను.

"రెండిట్లోనూ చామంతేనా అన్నా?"

"ఇంకా దాచిపెట్టుకోనుండావా దీన్ని?"

"స్వామి పాదాల కాడ పెట్టింది పారేస్తారా?"

అన్న షెడ్డు పైకప్పు వైపు చూశాడు. "నీ మంచికే చేసినా అమ్మీ. ఇది ఊరికే పాడుబడతాండె. ఎవరికో ఇచ్చేదానికంటే చెల్లెలుంటే మేలు గదా అనుకుంటి."

"ఆ మాటే చెప్పింటే వచ్చిందును గదన్నా. నీ మాట ఎప్పుడన్నా కాదంటినా? స్వామితో ఎందుకు చెప్పిస్తివి?"

మా ఆయన కాయలు పోస్తూ తలెత్తకుండానే అన్నాడు. "ఏం బావా, మళ్లా పొట్లాలు కడదామా? ఈ తూరి తులసి నేను తెస్తాలే."

ఎవరమూ నవ్వలేదు.

నష్టానికి నేను ఏడవలేదు. ఇన్నాళ్లూ కళ్లు మూసుకుని చెప్పుకున్న కృతజ్ఞత ఎవరికి చేరిందో తెలియక ఏడ్చాను. స్వామిని నేను అడిగాననుకున్నాను. ఆయన దాకా నా ప్రశ్న పోనేలేదు. దారిలో అడ్డం నిలబడింది, పలక మీద నా చెయ్యి పట్టుకుని దిద్దించిన మనిషి.

కొత్త పంట కాయలు రాకముందే గానుగను కోడుమూరుకు మార్చాం. పూజనాడు అన్నను పిలిచాం. ఇంటికి పెద్దవాడు, పిలవకుండా ఎట్లా? వచ్చాడు. ఎప్పటిలాగే కాళ్లకు మొక్కుతాననుకుని, దీవించడానికి ముందే చెయ్యి ఎత్తాడు.

నేను వంగలేదు. నీళ్ల చెంబు ముందుకు పెట్టాను.

"కూర్చో అన్నా, ఎండనబడి వస్తివి."

ఎత్తిన చేత్తోనే చెంబు అందుకున్నాడు.