ఓర్లీనా మార్చి పాడిన చరణం

కెంటకీ కొండల్లో ఓర్లీనా స్టిడమ్‌కి అనుమానాల పుట్ట అని పేరు. పక్కింటావిడ మజ్జిగ పంపినా ముందు పిల్లికి పోసి చూస్తుందని చెప్పుకునేవారు. అలా నవ్వినవాళ్లకు ఆమె చిన్నతనం తెలియదు. తేనెలొలికే మాటల టోపీ మనిషి ఒకడు వాళ్ల నాన్నతో కలిసి మొక్కజొన్న రొట్టె తిని, "నేల మీకేనయ్యా, అడుగున ఉన్నదే మాకు" అంటూ కాగితం మీద సంతకంగా గీత పెట్టించుకుపోయాడు. ఆనక బొగ్గు తవ్వకాలకు వాళ్ల బావి ఎండిపోయింది. అలాంటి ఇంట పెరిగిన మనిషి ఎవరిని నమ్ముతుంది?

ఆమె అన్న హైరం కలప కంపెనీలో చేసేవాడు. వాగుకి అడ్డంగా చెక్కల కట్ట వేసి, నీళ్లు నిండాక ఒక్కసారిగా తలుపు తీస్తే దుంగలన్నీ నది దాకా కొట్టుకుపోతాయి. తీసే ముందు కిందివాళ్లు తప్పుకునేలా కొమ్ము ఊదాలి. ఒకరోజు మేస్త్రీ బోలిన్ ఊదకుండానే తీయించాడు. కింద ఉన్న హైరం దుంగల మధ్య నలిగి చచ్చిపోయాడు. తాగి పడ్డాడని కంపెనీ చేతులు దులుపుకుంది. అతని భార్య చంటిపిల్లను తీసుకుని ఒహాయో పుట్టింటికి వెళ్లిపోయింది.

కోర్టు గుమ్మం ఎక్కలేనివాళ్లు మా కొండల్లో పాట కడతారు. తప్పు ఎవరిదో ఆఖరి చరణంలో పేరు పెట్టి చెబుతారు. జనానికి అదే తీర్పు. హైరం తల్లి కూడా కట్టింది. కానీ ఓర్లీనా మొగుడు ఎల్జీ ఆ కంపెనీ మిల్లులోనే పనివాడు, కాపురం కంపెనీ ఇంట్లో. అందుకని పాట ఊరంతా తెలిసినా ఆఖరి చరణం మాత్రం ఇంట్లోవాళ్లే తలుపులు వేసుకుని పాడుకునేవారు.

"మీ అన్న పరువంతా ఆ చరణంలోనే ఉందే. పోనియ్యకు" అని చెప్పి తల్లి కన్నుమూసింది.

కొన్నాళ్లకు రికార్డుల కంపెనీ తరఫున విట్లాక్ అనే ఆయన వచ్చి బడిలో పాటలు పట్టే యంత్రం పెట్టాడు. కొండపాటలు పాడేవాళ్లెవరని అడిగితే అందరూ ఓర్లీనా ఇల్లు చూపించారు.

"దుంగల పాట మీ దగ్గర మొత్తం ఉందటగా తల్లీ. ముఖ్యంగా చివరి చరణం" అన్నాడాయన.

ఓర్లీనా గబగబా లోపలికెళ్లి మొగుణ్ణి నిలదీసింది. "చివరి చరణమే ఎందుకట వీడికి? బోలిన్ పంపిన మనిషి. మనం ఏం పాడుకుంటున్నామో కూపీ లాగడానికొచ్చాడు."

"పాటలాయనే అంటున్నారే అందరూ" అన్నాడు ఎల్జీ.

"ఆ కాగితమాయన కూడా మంచాయనే అన్నారు. రేపు ఇల్లు ఖాళీ చెయ్యమంటే ఎక్కడికి పోతావ్?"

"అయితే పాడనని చెప్పు."

"పాడకపోతే ఏదో దాస్తున్నానని తెలిసిపోదూ? వాడికి కావలసిందే పాడతా."

మర్నాడు బడిలో యంత్రం ముందు కళ్లు మూసుకుని నిటారుగా కూర్చుని పాట ఎత్తుకుంది. ఆఖరి చరణం దగ్గర తల్లి మాటలు మింగేసి, తను అల్లుకొచ్చినవి పాడింది:

"కొమ్ము ఊదినా వినలేదు, మత్తులోన తూలినాడు
తప్పు తనదే, తానే పోయి వాగు పాలు అయినాడు."

విట్లాక్ కళ్లు తుడుచుకున్నాడు. దొంగేడుపని ఓర్లీనా మనసులోనే తిట్టుకుంది. ఇంటికొచ్చాక, "వాడి పప్పులు నా దగ్గర ఉడకలేదు" అని నవ్వుకుంది. చరణం భద్రంగా ఉందని ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

పాపం, విట్లాక్ నిజంగా పాటల మనిషే. రికార్డు బయటికొచ్చి కొట్టు కొట్టుకీ పాకింది. గ్రామఫోనులో తన గొంతే తన అన్నని తాగుబోతంటుంటే ఓర్లీనా అటువైపు వెళ్లడం మానేసింది. ఎల్జీ బతుకుతెరువు ఆ కంపెనీలోనే కాబట్టి నిజం చెప్పడానికి తను నోరు విప్పలేదు. కంపెనీ కొండలు బోడిచేసి వెళ్లిపోయేసరికి ఎల్జీ కూడా చనిపోయాడు. అసలు చరణం తెలిసినవాళ్లలో ఆమె ఒక్కతే మిగిలింది.

ఆ ఏడు మే నెలలో సమాధులు శుభ్రం చేసి పూలు పెట్టే రోజున, ఒహాయోలో పెరిగిన హైరం కూతురు డెల్ఫియా మొదటిసారి వచ్చింది. తండ్రి సమాధి దగ్గర నిలబడి ఆ పాటే పాడింది. మత్తులోన తూలినాడు అన్నచోటికి వచ్చింది.

"ఆపవే" అంది ఓర్లీనా. "అది అబద్ధం. ఇది విను." అందరి ముందూ, ఇన్నేళ్లకు, గొంతెత్తి పాడింది:

"కొమ్ము ఊదక బోలినయ్య నీటి తలుపు తీసినాడు
చుక్క ముట్టని మా హైరం దుంగలడుగున నలిగినాడు."

ఒక ముసలాయన మెల్లగా, "పోనీలే ఓర్లీనా, పోయినవాణ్ణి ఇంకా వెనకేసుకు రావడమెందుకు" అన్నాడు.

"ఆ పాటలాయన్ని బోలిన్ మనిషనుకుని అప్పుడు మార్చి పాడానయ్యా. దేవుడి తోడు" అంది ఓర్లీనా.

డెల్ఫియా వచ్చి మేనత్త చెయ్యి పట్టుకుంది. "నా కోసం కొత్తగా కట్టావు కదూ అత్తా? మంచిదానివి. కానీ నాకు నిజం తెలుసులే. చిన్నప్పట్నుంచీ రికార్డులో నీ నోటే విన్నాను."