మూసిన కలుగు

తొలేదో కొండల్లో అరవై ఏళ్లుగా కుందేళ్లు పట్టిన ఎలాదియోకి వాటి అలవాట్లే వచ్చాయి. దూరంగా కుక్క మొరిగితే చాలు, కూర్చున్నచోటే మడమతో నేలను దబ్బున తంతాడు. భార్య పోయాక ఆ చప్పుడు వినేవాళ్లు ఇంట్లో లేరు. పక్కవీధి వితంతువు కాసిల్దా మాత్రం రోజూ మధ్యాహ్నం పప్పు కుండను తన శాలువాలో చుట్టి తెచ్చి, గడపమీద పెట్టి వెళ్లిపోతుంది.

“ఒక్క నిమిషం కూర్చుంటే నీ సొమ్మేం పోతుంది?” అన్నాడొకరోజు నిష్ఠూరంగా.

“నా సొమ్మేం పోదు ఎలాదియో. ఊరి నోళ్లు ఎవరు మూయిస్తారు, నువ్వా? చల్లారకముందే తిను.”

ఆ సాయంత్రం ఆలివ్ తోట గట్టుమీద మట్టితో మూసిన చిన్న కలుగు కనిపిస్తే వేళ్లతో తవ్వి చూశాడు. తల్లి కుందేలు తన పొట్టమీది బొచ్చు పీకి పరిచిన పక్కలో కళ్లు తెరవని ఐదు కూనలున్నాయి. తల్లి రోజుకొక్కసారే వస్తుంది. పాలిచ్చి, కలుగు మూతి మట్టితో మూసి వెళ్లిపోతుంది. ఎక్కువసేపుంటే నక్క పసిగడుతుంది. ఇదంతా అతనికి చిన్నప్పటి నుంచీ తెలిసిందే. మట్టి మళ్లీ కప్పి, అరచేత్తో మెల్లగా అదిమాడు.

మర్నాడు కుండకు చుట్టిన శాలువా విప్పుతూ తలెత్తాడు. ఫిబ్రవరి గాలిలో కాసిల్దా ఒట్టి భుజాలతో వీధి మలుపు తిరుగుతోంది. ఆ తర్వాత అతనెప్పుడూ ఆమెను కూర్చోమనలేదు.