సుత్తెకు అడ్డమొచ్చిన చెయ్యి

పెద్దమేడం పోయిందని నాకు ఫోన్ చేసి చెప్పింది ఎవరో కాదు, ఆమె చెయ్యి విరగ్గొట్టిన మనిషే.

"సారూ, మన పెద్దమేడం లేదు సారూ. పొద్దుగాల వికారాబాద్ దవఖానల పానం పోయిందట. గుండె ఆగిందట" అన్నాడు. ఆపైన ఫోన్‌లోనే భోరుమన్నాడు. ఆయన తాండూరులో బండల పాలిష్ కార్ఖానా కూలి. తొమ్మిదేళ్ల కింద నా తల పగలగొడతానని సుత్తె పట్టుకుని బడిలోకి వచ్చాడు. ఆ సుత్తె నా నెత్తిన పడకుండా పెద్దమేడం కుడిచెయ్యి అడ్డం వచ్చింది. ఆమె ఓపిక గురించి, దయ గురించి చెప్పడానికి చాలామంది ఉన్నారు. నేను మాత్రం ఆ దెబ్బల గురించే చెప్పాలి. ఎందుకంటే మొదటి దెబ్బ నాది.

మాది తాండూరు దాటాక కర్ణాటక వైపు పోయే రోడ్డు పక్కన చిన్న ప్రాథమిక పాఠశాల. టీచర్లం ఇద్దరమే. ఆమె ప్రధానోపాధ్యాయురాలు. నేను దోమ మండలం నుంచి వచ్చి కొత్తగా ఉద్యోగంలో చేరినవాణ్ణి. ఆమె పుట్టింది మర్పల్లి దగ్గర, ఉండేది వికారాబాద్‌లో. రోజూ పొద్దున రైలు దిగి వచ్చేది. చేతిసంచిలో జొన్నరొట్టె, ఎర్రకారం, ఒక కత్తెర, పాత ప్రశ్నపత్రాలు. రైల్లో కూర్చుని ప్రశ్నపత్రాన్ని ప్రశ్నకో ముక్కగా కత్తిరించేది. పక్కన కూర్చున్నవాళ్లు "ఏం కుడుతున్నవమ్మా?" అని అడిగితే, "పిల్లలకు అంగీలు. ఎవల కొలత వాళ్లకు తీస్తున్న" అని నవ్వేదట.

మూడో తరగతి పిల్లలకు చదవడంలోనూ లెక్కల్లోనూ రాష్ట్రమంతా ఒకే రోజు పరీక్ష పెట్టేవారు. ప్రశ్నకు నాలుగు జవాబులు. సరైనదాని పక్కనున్న సున్నాను పెన్నుతో నింపాలి. 'రైతు దగ్గర యాభై రెండు బస్తాల కందులున్నాయి, ఇరవై ఏడు అమ్మాడు, ఎన్ని మిగిలాయి?' అని ప్రశ్న ఉందనుకోండి. ఇది చెయ్యాలంటే ముందు ఏం రావాలి, దానికంటే ముందు ఏం రావాలి అని ఆమె ఒక్కో మెట్టూ కిందికి దిగేది, అంకెలు లెక్కపెట్టడం దాకా. కార్ఖానాల దగ్గర పారేసిన బండముక్కలు తెప్పించి, ఒక్కో మెట్టునూ ఒక్కో బండ మీద రంగుతో రాసి, గేటు నుంచి వరండా దాకా పరిచింది. చదవడానికి అలాంటిదే ఇంకో వరస, అక్షరం నుంచి కథ దాకా. ఏ పిల్లకు ఎంత వస్తే ఆ బండ మీద నిలబడాలి. పాఠం అక్కణ్ణుంచే మొదలు.

"నిలబడ్డ రాయి కాడినుంచే నడిపియ్యాలె తమ్మీ. దుంకిపిస్తె మూతి పగుల్తది" అనేది నాతో. పరీక్షను తిట్టే టీచర్లతో మాత్రం కలిసేది కాదు. "గా పేపర్ అడిగేది పిల్లలకు రావాల్సిందే గద. మనకంటె ముందు అది అడిగిందని మనం సిగ్గుపడాలె" అనేది.

నాకు ఆ ఓపిక ఎక్కడిది? తాండూరులో జరిగిన సమావేశంలో కిందటేడు పరీక్ష మార్కుల వరసలో బడుల పేర్లు చదివారు. మాది కింద నుంచి రెండోది. మేడం సెలవులో ఉండటంతో నన్నే లేపి నిలబెట్టారు. "బళ్లె నిద్రపోతున్నవా?" అని ఒక అధికారి అందరి ముందూ అడిగాడు. అధికారిని ఏమీ అనలేక, ఆ కసంతా మోసుకొచ్చి పిల్లల మీద దించాను.

అప్పటికే మాదిరి ప్రశ్నపత్రం ఒకటి వచ్చింది. అదే పేపర్ వస్తుందట అని ఎవరో అంటే నమ్మేశాను. జవాబులన్నీ పిల్లల చేత పాటలా వల్లె వేయించాను. ఒకటికి బీ, రెంటికి డీ, మూటికి ఏ. తప్పు సున్నాకు ఒక దెబ్బ. చేతుల మీద, పిక్కల మీద, వీపు మీద. ఒక పిల్లవాడు భయంతో నిలబడ్డచోటే లాగు తడుపుకున్నాడు. నేను నవ్వాను. అవును, నవ్వాను. మేడం నా చేతిలో కట్టె లాక్కుని మధ్యాహ్నం వంట పొయ్యిలో పెట్టింది. మరునాడు నేను చెక్క స్కేలు తెచ్చుకున్నాను.

పరీక్ష ఇంకో నాలుగు రోజులుందనగా మేడం మండల ఆఫీసుకు పోయింది. తరగతి మొత్తం సున్నాలు నింపుతోంది. నాకు ఫోన్ చేసిన ఆ కార్ఖానా కూలి బిడ్డ ఒక్కతే చూపుడు వేలు ప్రశ్న కింద పెట్టి, "కం... ది... కంది" అని కూడబలుక్కుంటోంది.

"ఏం జేస్తున్నవే?"

"సదువుతున్న సార్."

"ఎవలు సదవమన్నరు? ఒకటికి బీ. నింపు!"

"ప్రశ్నేందో తెల్వాలె గద సార్?"

వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు. నా ఒళ్లు మండిపోయింది. "సదువుకుంట కూసుంటె టైం అయిపోతది!" అని అరిచి, స్కేలును నిలువుగా తిప్పి అంచుతో ఆ వేలి మీదే కొట్టాను. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడో దెబ్బకు వేలు పక్కకు ఒరిగింది. పిల్ల ఏడవలేదు. ఊపిరి అందనట్టు నోరు తెరిచి నా వైపే చూసింది. చదివే పరీక్ష కోసం, చదువుతున్న వేలు విరగ్గొట్టాను. నన్ను నేను తిట్టుకోవడానికి ఇంతకంటే పెద్ద మాట ఈ తొమ్మిదేళ్లలో దొరకలేదు.

మరునాడు పొద్దున ప్రార్థన జరుగుతుండగా తండ్రి వచ్చాడు. ఒంటినిండా బండల దుమ్ము, చేతిలో రాళ్లు కొట్టే సుత్తె. "నా బిడ్డ ఏలు ఇరగ్గొట్టినోడు ఏడున్నడు?" అని గర్జించాడు. పిల్లల ముందు పులిలా తిరిగిన నేను వరండా స్తంభం వెనక్కి జరిగాను. కాలర్ పట్టి ఈడ్చి, మేడం పరిచిన బండల మీదే నన్ను పడేశాడు. పెదవి చిట్లి నోరంతా నెత్తురు. మోకాలు నా ఛాతీ మీద ఆనించి సుత్తె ఎత్తాడు. పిల్లలు కేకలు వేస్తున్నారు. నేను కళ్లు మూసుకున్నాను.

ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. కళ్లు తెరిచేసరికి మేడం నా మీదికి వంగి ఉంది. ముంజేతి దగ్గర చెయ్యి మరోవైపు తిరిగిపోయింది. ఆమె అరవలేదు. "ఇగ చాలు. దించు" అంది, అంతే. అతను సుత్తె పారేసి, రెండు చేతులతో తన మొహం తానే కొట్టుకున్నాడు.

దవఖానలో పోలీసులు వచ్చి ఫిర్యాదు రాయమన్నారు. "నా చెయ్యి నాది. నేను మాఫ్ చేస్త" అందామె. ఇక అంతా సర్దుకుంటుంది అనుకున్నాను. అప్పుడు నా వైపు తిరిగింది. "పిల్ల ఏలు నాది గాదు. దాన్ని మాఫ్ జేసే హక్కు నాకు లేదు. నాలుగు దినాలు నిన్ను సైచిన. గది నా తప్పు. గది గూడ రాస్త." ఎడమచేత్తో, ఒకటో తరగతి పిల్లల్లా వంకరటింకర అక్షరాలతో, నా మీద పై ఆఫీసుకు రాసింది. తన పేరూ అందులో కలిపే రాసింది. నన్ను సస్పెండ్ చేశారు. ఆమెకూ సంజాయిషీ నోటీసు వచ్చింది.

పరీక్షలో వచ్చినవి పూర్తిగా వేరే ప్రశ్నలు. మా పిల్లలు మాత్రం ఒకటికి బీ, రెంటికి డీ అనే నింపి వచ్చారు. ఈ పిల్ల ఒక్కతే వేలికి కట్టుతో, ఎడమచేత్తో పెన్ను పట్టుకుని, ఏడు ప్రశ్నలు చదివి ఏడు సున్నాలు నింపింది. తక్కినవి ఖాళీ. మా బడి ఈసారి అందరికంటే కింద నిలిచింది. చేతులకు కట్లతో మేడమూ ఆ పిల్లా వరండాలో పక్కపక్కన కూర్చుని ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నారని తర్వాత విన్నాను.

ఐదు నెలల తర్వాత సస్పెన్షన్ ఎత్తేశారు, నన్ను ఎక్కడ వెయ్యాలన్న ప్రశ్న వచ్చింది. ఏ బడీ రానివ్వనంది. మేడం పిల్ల తండ్రి దగ్గరికి పోయింది. "యాడికి తోలినా గాడ గూడ కొడ్తడు. నా కండ్ల ముంగట ఉండని. ఏమంటవ్?" అని ఆయన్నే అడిగింది. ఆయన "నీ ఇష్టం మేడం" అన్నాడట.

నేను ఆ బండల దగ్గరే పాఠం చెప్పడం మొదటినుంచి నేర్చుకున్నాను. రెండేళ్లలో మా పిల్లలు ఆ ప్రశ్నలు చదివి, అర్థం చేసుకుని రాశారు. ఆ పిల్లకూ అన్నీ వచ్చాయి. కానీ నేను దగ్గరికి పోతే చాలు, కుడిచెయ్యి పుస్తకం కిందికి పోయేది. ఐదో తరగతి అయిపోయి హైస్కూలుకు పోయేదాకా అంతే.

మేడం రిటైరైన రోజు నన్ను పక్కకు పిలిచింది. "పిల్లలకొక్కటే పరీక్ష అనుకున్నవా తమ్మీ? గా పిల్ల నీ ముంగట ఏలు పెట్టి సదివిన నాడు నువ్వు సారువైనట్టు. గప్పుడు నాకు చెప్పు" అంది. తర్వాత ఎప్పుడు ఫోన్ చేసినా మొదటి మాట అదే.

"సదివిందా?"

"లే మేడం."

"సరే తియ్. తిన్నవా?"

మొన్న ఆదివారం వికారాబాద్ సమాధుల తోటలో ఆమెకు రాయి నిలబెట్టాం. ఆ బండను కోసి పాలిష్ పట్టింది ఆ తండ్రే. సుత్తె పట్టిన చేతులతోనే మూడు రోజులు అరగదీశాడట. అక్షరాలు మాత్రం వేరే ఎవరో చెక్కారు. రంగు ఇంకా నింపలేదు. పైగా ఎండకు మెరిసిపోతుంటే ఏమీ కనబడటం లేదు.

"జర సదువు బిడ్డా. సక్కగ చెక్కిండో లేదో నాకేం తెలుస్తది" అన్నాడు కూతురితో.

ఆ పిల్ల ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. రాయి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. నేను రెండడుగుల దూరంలో ఉన్నాను. నాకు తెలియకుండానే నా చేతులు రెండూ వెనక్కి పోయాయి. తల తిప్పి ఒకసారి నన్ను చూసింది. కుడిచెయ్యి చున్నీ కిందినుంచి బయటికి తీసింది. కొస కాస్త పక్కకు వంగిన ఆ చూపుడు వేలు మొదటి అక్షరం గాడిలో పెట్టి, పైకే వినబడేలా చదవసాగింది. మేడం పేరు, ఇంటిపేరు, ఊరు. నేను అక్కడే ఉన్నాను. వేలు ఆగకుండా ముందుకు జరుగుతోంది.