గడియారం చట్టం మీద నా సంతకం

ఒక గంట నిద్ర కోసం అమెరికానే పోగొట్టుకోబోయిన మనిషిని మీరెప్పుడూ చూసి ఉండరు. ఇదిగో, నన్ను చూడండి. మునిగినవాణ్ణి నేనొక్కణ్ణే మునిగి ఉంటే ఇంత చెప్పుకోవలసిన పని లేదు. మా అత్తగారి చెయ్యి పట్టుకుని మరీ మునిగాను.

కొన్నేళ్ళ కిందటి మాట. మిషిగన్‌లో నోవై అనే ఊళ్ళో కార్ల బ్రేకులకు సాఫ్ట్‌వేర్ రాసేవాణ్ణి. కార్లను ఆపడం వచ్చు గానీ నన్ను నేను ఆపుకోవడం రాని వయసు. ఉన్నది హెచ్‌-వన్ వీసా మీద. గ్రీన్ కార్డ్ అప్లికేషన్ పెండింగ్‌లో ఉంది. ఇంట్లో ముగ్గురం: నేను, నా భార్య శ్రావణి, ఆర్నెల్లు ఉండి వెళదామని గుంటూరు నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన అత్తయ్య.

అది మార్చిలో ఒక ఆదివారం. ఇక్కడ ఏటా ఆ నెలలో గడియారాలను గంట ముందుకు తిప్పుతారు. అంటే మనం పడుకుని ఉండగానే మన నిద్రలోంచి ఒక గంటను ఎవరో జేబులో వేసుకుపోతారు. నవంబర్‌లో తిరిగి ఇస్తారనుకోండి. మార్చిలో ఆకలేసినవాడికి నవంబర్‌లో అన్నం పెడతామంటే ఎలా? ఆ రోజంతా నేను నీళ్ళ అడుగున నడుస్తున్నట్టు తిరిగాను. బయట మంచు కరుగుతోంది, ఎండ పాలమీగడలా పల్చగా పరుచుకుంది, నా కంటికి లోకమంతా ఒక పెద్ద మెత్తని దిండులా కనిపిస్తోంది.

ఆ స్థితిలో అత్తయ్యను లైబ్రరీకి తీసుకెళ్ళాను. గుమ్మం ముందు, పరీక్షకు పట్టుకెళ్ళే అట్టలాంటిది పట్టుకుని ఊలుటోపీ పెట్టుకున్న ఒక పెద్దావిడ నిలబడి ఉంది. పేరు డోరతీ, రిటైరైన స్కూల్ టీచర్.

"ఇవాళ మీకు అలసటగా ఉందా?" అని ఇంగ్లిష్‌లో అడిగింది.

ఈ దేశంలో నన్ను ఆ ప్రశ్న అంత ప్రేమగా అడిగినవాళ్ళు లేరు. నా కళ్ళు చెమర్చాయి. నిద్రకళ్ళు కదా, ఊరికే చెమరుస్తాయి.

ఆవిడ ఓపిగ్గా చెప్పింది. ఈ రాష్ట్రంలో మామూలు జనమే ఒక చట్టం రాసి, దాని కింద తగినన్ని సంతకాలు సంపాదిస్తే, అది ఎన్నికల రోజు బ్యాలట్ మీదికి వస్తుందట. ఎక్కువమంది అవునంటే చట్టం మారుతుందట. ఆవిడ తెచ్చింది గడియారాలను ఇక తిప్పకూడదనే పిటిషన్.

నేను కరిగిపోయాను. చూడండి, ఊలుటోపీ పెట్టుకున్న ఒక టీచరమ్మ, ఒక అట్ట, ఒక బాల్‌పెన్ను, అంతే, రాష్ట్రం మొత్తానికి చట్టం మారిపోతుంది. అక్కడే నిలబడి కల కన్నాను. ఆ చట్టం వచ్చింది. సరస్సుల మీద మంచు కురుస్తుంటే మిషిగన్ అంతా దుప్పటి కప్పుకుని ఒకే ఊపిరితో నిద్రపోతోంది. గవర్నర్ కూడా కాస్త గురక పెడుతున్నారు.

"మీరు రిజిస్టర్ అయ్యారా?" అంది డోరతీ.

కల మధ్యలో వచ్చిన ప్రశ్న అది. అంతకు ముందు వారమే కొత్త కారు రిజిస్ట్రేషన్ చేయించాను.

"మొన్ననే," అన్నాను గర్వంగా. కొత్త పేజీలో మొదటి సంతకం చకచకా చేసి, పెన్ను అత్తయ్య చేతికిచ్చాను.

"ఏం రాసుందో చదివారా బాబూ?" అంది అత్తయ్య.

"చదివానత్తయ్యా. మన గంట మనకు తిరిగి ఇమ్మని అడుగుతున్నారు."

"అడగాల్సిందే," అని ఆవిడ తెలుగులో, ముత్యాల్లాంటి అక్షరాలతో 'పి. అన్నపూర్ణ' అని సంతకం పెట్టింది.

డోరతీ ముఖం వెలిగిపోయింది. "ఇంత ఉత్సాహం ఉన్నవాళ్ళు ఇంకా ఎక్కడ దొరుకుతారు?" అని అడిగింది. ఇండియన్ గ్రోసరీ అడ్రస్ చెప్పాను. దారి కూడా బొమ్మ గీసి ఇచ్చాను.

ఇంటికొచ్చి భోజనాల దగ్గర ఈ ఘనకార్యం చెప్పాను. శ్రావణి చేతిలో గరిటె ఆగింది. వాళ్ళమ్మ ఎదుట నన్ను 'మీరు' అనే మనిషి, ఆ రోజు వాళ్ళమ్మ ఎదుటే 'నువ్వు'లోకి దిగింది.

"రిజిస్టర్ అంటే కారు కాదు. ఓటరుగా రిజిస్టర్ అయ్యావా అని. ఆ కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఓటర్లు. నువ్వు ఓటరువా?"

"కాదు."

"అమ్మ ఓటరా?"

"గుంటూరులో," అన్నాను.

"ఓటరు కానివాడు ఓటరునని సంతకం పెడితే గ్రీన్ కార్డ్ ఏమవుతుందో తెలుసా?"

"ఏమవుతుంది?"

"నాకూ తెలీదు. అదే భయం. వెళ్ళి కొట్టేయించుకుని రా."

"నా సంతకం నేనే కొట్టించుకుంటా," అని అత్తయ్య శాలువా కప్పుకుని బయల్దేరింది. కారులో నా కల రెండో భాగం నడిచింది. ఇద్దర్నీ వెనక్కి పంపేస్తున్నారు. విమానం మేఘాల మీద తేలుతోంది. పక్క సీట్లో అత్తయ్య. గుంటూరు చేరేదాకా నాతో ఒక్క మాట లేదు.

నేను బొమ్మ గీసిచ్చిన గ్రోసరీకే నేరుగా వెళ్ళాం. డోరతీ అట్ట ముందు పెద్ద క్యూ. అందరూ మనవాళ్ళే, అందరూ నాలాగే ఆవలిస్తున్నారు. క్యూ మధ్యలో నా కొలీగ్ మహేశ్, వరంగల్ వాడు.

"మహేశ్, దేనికి నిలబడ్డావు?"

"నాకేం తెల్సన్నా. అందరు నిలబడ్డరు, నేను గూడ నిలబడ్డ. బిర్యానీ కూపన్లు అనుకున్న."

"నీది హెచ్‌-వన్ కదా. ఇది ఓటర్లు పెట్టే సంతకం."

మహేశ్ ముఖంలో నిద్ర మొత్తం ఒక్క క్షణంలో ఎగిరిపోయింది. ఆ వార్త క్యూ చివరిదాకా పాకింది. ఎవరూ పరిగెత్తలేదు. ఒకాయనకు కారులో పాలు ఉన్నాయని గుర్తొచ్చింది, ఒకావిడకు ఫోనొచ్చింది. రెండు నిమిషాల్లో పేవ్‌మెంట్ ఖాళీ. అప్పటికే సంతకాలు పెట్టినవాళ్ళు మాత్రం తలలు వంచుకుని తిరిగొచ్చారు.

నేను జరిగింది చెప్పాను. డోరతీ కోప్పడలేదు. రూలర్ తీసి, హోంవర్క్ దిద్దుతున్నట్టు ఒక్కొక్క లైనే కొట్టేయడం మొదలుపెట్టింది. నాది కొట్టేసింది. అత్తయ్య సంతకం దగ్గర మాత్రం ఆగి, "ఇది చాలా అందంగా ఉంది," అని, అక్షరాలకు నొప్పి కలగకూడదన్నట్టు సన్నని గీత గీసింది. కొట్టేయడం అయ్యేసరికి ఆ పేజీలో ఒక్క పేరు కూడా మిగల్లేదు. ఆవిడ మధ్యాహ్నమంతా చలిలో నిలబడి సంపాదించిన పేజీ అది. నాకు ఏడుపొచ్చింది. ఈసారి నిద్ర వల్ల కాదు.

అప్పుడు దేవుడు పంపినట్టు రావు అంకుల్ కూరగాయల సంచితో బయటికొచ్చారు. పాతికేళ్ళ కిందటే వచ్చి సిటిజన్ అయిన మనిషి, ఒక్క ఎన్నిక కూడా వదలని ఓటరు.

"అంకుల్, మీరొక్కరే దిక్కు," అన్నాను.

ఆయన సంచి కింద పెట్టి, కళ్ళజోడు తుడుచుకుని, మాలో ఒక్కరం కూడా చేయని పని చేశారు. చదవడం మొదలుపెట్టారు. ముందువైపు చదివారు. వెనకవైపు సన్న అక్షరాలు చదివారు. మళ్ళీ ముందువైపు తిప్పారు. అత్తయ్య ముక్కు ఎర్రబడింది. డోరతీ పెన్ను చాచింది.

అంకుల్ అట్టను మర్యాదగా తిరిగి ఇచ్చేశారు.

"సారీ అమ్మా. నేను దీనికి వ్యతిరేకం. ఏడాదికోసారి గంట ఎక్కువ పడుకోనిచ్చేది ఆ నవంబర్ ఒక్కటే."

ఆ ఏడాది ఆ పిటిషన్‌కి చాలినన్ని సంతకాలు రాలేదు. మా సంతకాల గురించి ఎవరూ అడగలేదు. అయినా అందరి ముందూ ప్రతిజ్ఞ చేస్తున్నాను: నాకు ఓటు వచ్చేదాకా ఈ దేశంలో ఏ చట్టాన్నీ మార్చను. వచ్చాక కూడా, ముందు అత్తయ్య చేత చదివించాకే మారుస్తాను.